పదకొండో గ్యాంగు బిళ్ళలు

సోమవారం, పదకొండుం పావు.

అప్పలసూరిని పోలీసులు పట్టుకెళ్ళింది ఆదివారం సాయంత్రం నాలుగున్నరకి. ఇవాళ నాలుగున్నరలోపు వదలాలి, లేదా కోర్టుకి తీసుకెళ్ళాలి. కోర్టుకి వెళితే మళ్ళీ ఎప్పుడు ఇంటికొస్తాడో ఎవరూ చెప్పలేరు. ఓడ సరుకు ఎత్తే వించి నడిపేవాడికి పెద్ద వకీళ్ళు దొరకరు.

అతని భార్య జగ్గమ్మ పొద్దున్న ఆరింటికి నా గుమ్మంలో కూర్చుంది. ఏడవలేదు. "నీ ఇంటికొచ్చి ఎప్పుడైనా ఏదైనా అడిగినానేటి అన్నియ్యా?" అంది. అడగలేదు. నా భార్య అప్పలలక్ష్మి మంచంలో ఉన్న మూడు నెలలూ ఆమెకి స్నానం చేయించింది జగ్గమ్మే. నేను పోర్టు గేటు దగ్గర హవల్దారు డ్యూటీలో ఉన్నాను.

పదింటికి ఠాణాలో సూరిని చూశాను. "నేను సంపనేదు అన్నియ్యా," అన్నాడు ఒక్కసారే. తర్వాత, "సోమశేఖర్ బాబు వచ్చినారా?" అని అడిగాడు. తన కంపెనీ ఆఫీసరు వస్తే బయటపడతానని పేదవాడి ఆశ అనుకున్నాను.

అక్కడినుంచి నేరుగా వాట్‌గంజ్‌లో మా ఖలాసీల సంఘం గదికి వచ్చాను. మొదటి అంతస్తు. ముందు మెట్లు రోడ్డు మీదికి, వెనక మెట్లు సందులోకి. వెనక మెట్ల మలుపులో నిన్న మూడూ యాభైకి తిరుపతిరావు శవం దొరికింది. బస్తాలు లాగే ఇనప హుక్కు తలలో దిగింది. హుక్కు అప్పలసూరిది.

తిరుపతిరావు పోర్టులో టాలీ గుమాస్తాగా ముప్పై అయిదేళ్ళు చేసి రిటైరయ్యాడు. ఓడలోంచి దిగిన ప్రతి మూటకీ గీత గీయడం అతని పని. రిటైరయ్యాక ఒక ప్రైవేటు సరుకుల కంపెనీ అతన్ని మళ్ళీ పెట్టుకుంది. ఆరు నెలల క్రితం బడ్జ్ బడ్జ్ జెట్టీలో ఆ కంపెనీ వించి తాడు తెగి ఇద్దరు చచ్చిపోయారు. ఆ పూట టాలీ రాసింది తిరుపతిరావు. మంగళవారం, అంటే రేపు, విచారణలో అతను సాక్ష్యం చెప్పాలి.

ఆదివారం మాత్రం పేక. ఒంటిగంటకి మొదలు. ఆట పోకర్. చేతిలో రెండు ముక్కలు, బల్ల మీద అందరికీ కలిపి అయిదు. బాగున్నవాడు పందెం పెంచుతాడు. బాగాలేనివాడు పారేస్తాడు. తెగించినవాడు ఏమీ లేకపోయినా పెంచుతాడు. ఉన్న బిళ్ళలన్నీ పోయినవాడు లేచిపోవాలి. మధ్యలో వెళ్ళిపోవడం లేదు. అది మా సంఘం కట్టుబాటు.

నిన్న ఆడినవాళ్ళు నలుగురు. తిరుపతిరావు, అప్పలసూరి, ఆ కంపెనీలోనే సేఫ్టీ ఆఫీసరు సోమశేఖర్, సెక్టర్ ఫైవ్‌లో కంప్యూటరు ఉద్యోగం చేసే లలిత్.

లలిత్ నా ఎదురుగా కూర్చుని కాలు ఊపుతున్నాడు. పాతికేళ్ళు. పుట్టింది ఇక్కడే, మాటల్లో సగం బెంగాలీ.

"టైము చెప్పు. మొదట్నించి," అన్నాను.

"టూ ఫిఫ్టీకి సోమదా అవుట్ అయిపోయాడు, కాకూ. ముందు తలుపులోంచి వెళ్ళాడు. త్రీ ఫిఫ్టీన్‌కి తిరుపతి మామ, సూరి మామ ఝగ్‌డా. త్రీ థర్టీకి చాయ్ బ్రేక్. తిరుపతి మామ వెనక మెట్ల మీదికి వెళ్ళాడు, చుట్ట కాల్చుకోడానికి. రోజూ అక్కడే కదా. త్రీ ఫిఫ్టీకి నేను పిలవడానికి వెళ్ళాను. మానే... పడున్నాడు."

"గొడవ దేనికి?"

"నాకు పూరా తెలీదు. తిరుపతి మామ అరిచాడు, 'ఏం చూసి కట్టావురా? ఏం చూసి కట్టావు?' అని. సూరి మామ ఏం అనలేదు."

"సూరి కుర్చీలోంచి లేచాడా? ఒంటిగంట నుంచి మూడూ యాభై దాకా?"

"ఒక్కసారి కూడా లేదు."

"బ్రేకులో?"

"బ్రేకులో కూడా. కూర్చుని బిళ్ళలు సర్దుకుంటున్నాడు. నేను సెల్ చూసుకుంటున్నా, టక్ టక్ అని ఆగట్లేదు. 'మామా, ఇంకెన్నిసార్లు?' అన్నా కూడా."

"నువ్వతని స్నేహితుడివి. పోలీసులు నమ్మరు."

"నరసమ్మ పిషీ కూడా చూసింది."

నరసమ్మకి ముందు మెట్ల కింద చాయ్ దుకాణం. డెబ్భై దాటాయి. పిలిస్తే గ్లాసులు తోముతూనే మాట్లాడింది.

"ఓరి వెంకటేశా, పోలీసోలు పదిమంది వచ్చినారు. పదిమందీ నా చాయ్ తాగినారు. ఒక్కడూ ఏటీ అడగనేదు. ముసల్దానికి కళ్ళు నేవనుకున్నారేటి?"

"మూడున్నరకి పైకి ఏం తెచ్చావు?"

"మూడు కప్పులు. సచ్చినోడు అప్పుడే వెనక్కెల్లిపోనాడు. ఆడి కప్పు అలగే సల్లారిపోనాది. సూరిగాడు బిళ్ళలు పేర్సుకుంటన్నాడు. చాయ్ అంటే తల ఎత్తనేదు."

"మెట్ల పైన మేకుంది కదా. హుక్కు తగిలించే మేకు."

ఆమె గ్లాసు దించింది.

"నేదు," అంది. "నిన్న హుక్కు నేదు. ఆడి హుక్కు మొన ఎప్పుడూ నా భుజానికి గీసుకుంటాది. పక్కకి ఒంగి ఎక్కుతాను. నిన్న ఒంగినాను, ఏటీ తగల్నేదు. అరె, సూరిగాడు ఇయ్యేల ఇంటికాడే ఒగ్గీసినాడేటి అనుకున్నాను."

నాకు కావలసింది దొరికింది.

పన్నెండింటికి అసిస్టెంట్ కమిషనర్ రఘురాం వచ్చాడు. వరంగల్ మనిషి. ముప్పై రెండేళ్ళకే ఐపీఎస్ భుజాల మీద ఉంది. నన్ను చూడగానే మొహం ముడుచుకున్నాడు.

"మళ్ళ మీరేనా పెద్దాయనా? గేటు కాడ లారీలు లెక్కపెట్టినోళ్ళకి మర్డర్ల పనేంది?"

"లారీలు అబద్ధం చెప్పవు సార్. డ్రైవర్లు చెబుతారు. ముప్పై ఏళ్ళు వాళ్ళ మొహాలే చూశాను."

"అయితే నా మొహం చూసి చెప్పుర్రి. ఆయుధం ఎవరిది?"

"సూరిది."

"కొట్లాట ఎవరితోని?"

"సూరితో."

"రేపటి సాక్ష్యం ఏ వించి మీద?"

జవాబు తెలుసు. ఆ వించి నడిపింది అప్పలసూరే.

"తాడు తెగితే తప్పు వించి నడిపేవాడిది కాదు," అన్నాను. "తాడు బాగుందని సంతకం పెట్టినవాడిది."

"గదంత కోర్టు చూసుకుంటది. నాకు హుక్కు చాలు."

"హుక్కు గురించే చెబుతాను. రండి."

ముందు తలుపు తీసి మేకు చూపించాను. బస్తాల రోజుల్లోంచి వస్తున్న అలవాటు ఇది. హుక్కుతో ఎవడూ గుమ్మం దాటడు. పనిముట్టు ఇంట్లోకొస్తే నెత్తురు అడుగుతుందని మా వాళ్ళ నమ్మకం. సూరి వించి ఎక్కి ఇరవై ఏళ్ళయినా తండ్రి హుక్కు నడుముకి పెట్టుకునే తిరుగుతాడు. ఈ గదికొస్తే బయట తగిలిస్తాడు.

"ఒంటిగంట నుంచి సూరి కుర్చీ దిగలేదు. లలిత్ చెబుతాడు. మూడున్నరకి మేకుకి హుక్కు లేదు. నరసమ్మ చెబుతుంది. బయటి మేకు మీది హుక్కు కుర్చీలో ఉన్నవాడి చేతిలోకి ఎలా వచ్చింది సార్?"

రఘురాం మేకు వంక చూశాడు. నరసమ్మని పిలిచి అవే ప్రశ్నలు రెండుసార్లు అడిగాడు. రెండోసారి ఆమె, "బాబూ, నీకు సెవుడేటి?" అంది.

"మూడున్నరలోపల ముందు తలుపు నుంచి పోయింది ఒక్కడే," అన్నాడు చివరికి. "సోమశేఖర్. రెండూ యాభైకి. ఓడిపోయి పోయిండు."

"అవును."

"ఓడిపోవుడు ఎవడన్న ముందుగాల ప్లాన్ చేస్తడా పెద్దాయనా? ముక్కలు చెప్పి వస్తయా?"

"అది మీ పని," అన్నాను. "సూరి ఇక్కడినుంచి కదల్లేదు. అది మీరు కాదనలేరు. వదలండి."

"మొండోళ్ళు మీరు." ఫోను తీశాడు. పూచీకత్తు రాయించుకుని అప్పలసూరిని వదిలెయ్యమని ఠాణాకి చెప్పాడు. పన్నెండూ ముప్పై అయిదు.

నేను జగ్గమ్మకి ఫోను చేశాను. "ఎవరైనా పెద్దమనిషి పూచీ ఉండాలి. చూసుకో," అన్నాను. ఆమె ఏడవబోయింది. పెట్టేశాను. ఏడుపులు వినడం నాకు చేతకాదు.

రఘురాం వెళుతూ ఒక కాగితాల కట్ట బల్ల మీద పడేశాడు. "చచ్చినాయన జేబుల దొరికిన పుస్తకం. జిరాక్సు. ఆఖరి పేజీ చింపేసి ఉంది. మీ తెలుగే గాని నాకొక్క ముక్క సమజ్ గాలే. ఖాళీగున్నరు గద, చదువుకోండి."

గుమ్మంలో ఒక కానిస్టేబుల్‌ని ఉంచాడు. బల్ల ముట్టుకోవద్దన్నాడు.

అతనికి అర్థం కాకపోవడం సహజం. తిరుపతిరావు రాసింది టాలీ భాష. 'సౌండ్' అంటే సరుకు నిజంగా ఉంది. 'ఓవర్' అంటే ఉన్నదానికంటే ఎక్కువ చూపించాడు, అబద్ధప్పందెం. 'షార్టు' అంటే పారేశాడు. పక్కన సెకన్లు. ముసలాడు ముక్కలు చూసి ఆడలేదు. ఎవడు ఎంత కట్టాడు, కట్టడానికి ఎంతసేపు పట్టింది, అది రాసుకుని ఆడాడు. పద్నాలుగు వారాలు. మొదటి వారాల్లో ఊహలన్నీ తప్పు, పక్కన కొట్టివేతలు. ఎనిమిదో వారం నుంచి కొట్టివేతలు లేవు. చివరికి ఒక్కొక్కరికీ ఒక పేజీ.

"లలిత్. ఓవర్ అయితే ఒక సెకను. ఆలోచిస్తే సౌండ్. అబద్ధానికి ఆలోచన అక్కర్లేదు, ముందే తయారుగా ఉంటుంది."

"సోమశేఖర్. సౌండ్ తప్ప కట్టడు. బిళ్ళలు రెండుసార్లు లెక్కపెట్టి కడతాడు. పద్నాలుగు వారాల్లో ఓవర్ ఒక్కటీ లేదు. ఇతను కడితే పారేయడమే."

కాగితం దించి లలిత్‌ని పిలిచాను.

"సోమశేఖర్ ఆఖరి ఆట ఎలా పోయింది?"

"నేను చూడలేదు కాకూ. ఆఫీసు కాల్ వచ్చింది. ఆ ఆట వదిలేసి తలుపు దగ్గర కిటికీలో మాట్లాడుతున్నా, వీపు ఇటు. ఫోన్ పెట్టేసరికి సోమదా లేచి వెళ్ళిపోతున్నాడు. అన్నీ పెట్టేశాడట. ముక్కలు బల్ల మీద తిరగేసి ఉన్నాయి. ఏడు, రెండు."

"ఏడు, రెండా?"

"అంతకంటే చెత్త చెయ్యి లేదు. నవ్వొచ్చింది నాకు. సోమదా ఏడు రెండుతో అన్నీ పెట్టడం!"

నాకు నవ్వు రాలేదు.

రఘురాం ప్రశ్నకి జవాబు అదే. ఓడిపోవడం ప్లాన్ చెయ్యొచ్చు. మధ్యలో లేచి వెళ్ళినవాడిని పోలీసులు మొదట అడుగుతారు, ఎందుకు వెళ్ళావని. ఓడి వెళ్ళినవాడిని అడగరు. సోమశేఖర్ రెండూ యాభైకి ఓడాడు, మేకు మీది హుక్కు సంచిలో వేసుకున్నాడు, నరసమ్మ ముందునుంచి దిగాడు, సందు చుట్టి వెనక మెట్లెక్కాడు. మూడున్నరకి చుట్ట ముట్టించుకోడానికి ముసలాడు వస్తాడని వాట్‌గంజ్‌లో అందరికీ తెలుసు. తాడు మీద సంతకం పెట్టింది సోమశేఖర్. రేపు సాక్ష్యం లేదు.

అక్కడ ఆగి ఉంటే బాగుండేది. నేను కేసు గెలిచినట్టే.

కాని తిరుపతిరావు రాసిన వాక్యం కళ్ళముందు ఉంది. ఇతను కడితే పారేయడమే. ఏడు రెండుతో ఓడాలని సోమశేఖర్ అనుకుంటే చాలదు. అతను బిళ్ళలన్నీ ముందుకి తోస్తే ఎదుటివాళ్ళు భయపడి ముక్కలు పారేస్తారు. అప్పుడు అతను గెలుస్తాడు. కుర్చీలోనే ఉండిపోతాడు. ఓడిపోవాలంటే ఎదురు కట్టేవాడు ఒకడు కావాలి. అతని చేతిలో ఏమీ లేదని ముందే తెలిసినవాడు.

ఆ సమయంలో లలిత్ కిటికీ దగ్గర. బల్ల దగ్గర మిగిలింది ఇద్దరు. ఒకడు చచ్చాడు.

"ఎవరు గెలిచారు ఆ ఆట?"

"తిరుపతి మామే అయ్యుంటాడు. ఎప్పుడూ ఆయనే కదా."

బల్ల దగ్గరికి వెళ్ళాను. కానిస్టేబుల్ లేచాడు. చేతులు వెనక్కి కట్టుకుని చూపించాను. కూర్చున్నాడు.

మా పందెం బిళ్ళలు కొన్నవి కావు. మా తాతలు హాజరు వేయించుకోడానికి మెడలో కట్టుకున్న ఇత్తడి బిళ్ళలు. ఆ పద్ధతి పోయాక సంఘానికి ఒక గోనెసంచెడు మిగిలాయి. మనిషికి యాభై, ఎవరి గ్యాంగువి, అంటే కూలీ జట్టువి, వాళ్ళకి. సూరివి అతని తండ్రి ఏడో గ్యాంగు. సోమశేఖర్ బయటినుంచి వచ్చినవాడు, గ్యాంగు లేదు. అతనికి ఎవరూ తీసుకోని పదకొండు ఇచ్చాం. తెల్లవారుజామున చీకట్లో వేలితో తడిమి తెలుసుకోడానికి ప్రతి గ్యాంగు బిళ్ళకీ అంచు మీద గాట్లు ఉంటాయి. ఏడుకి ఒకటి. పదకొండుకి రెండు. సోమశేఖర్ వాటిని కాయిన్స్ అంటాడు. అతనికి గాట్ల సంగతి తెలియదు. తెలిస్తే నిన్నటి ఆట రాసిన పేజీ చింపి ఊరుకునేవాడు కాడు.

మోకాళ్ళ మీద కూర్చుని బల్ల ఎత్తుకి కళ్ళు తెచ్చాను.

తిరుపతిరావు ముందు బిళ్ళలు గుట్టగా ఉన్నాయి. రెండు గాట్లవి ఒక్కటీ లేదు.

సూరి ముందు బొత్తులు. పదేసి, తూకం వేసినట్టు. ప్రతి బొత్తికీ పైన మూడు బిళ్ళలు ఒక గాటు. కింద ఏడూ రెండు గాట్లు. అన్ని బొత్తులూ అలాగే. తన బిళ్ళలు పైన పెట్టి, పదకొండో గ్యాంగు బిళ్ళల్ని కిందికి దించేశాడు.

'ఏం చూసి కట్టావురా?' తిరుపతిరావు అడిగింది మోసం గురించి కాదు. పద్నాలుగు వారాల లెక్క ఒక్క ఆటలో తప్పింది. ముసలాడికి అది అర్థం కాలేదు. పావుగంట తర్వాత చుట్ట పట్టుకుని వెనక మెట్ల మీదికి వెళ్ళాడు, బహుశా దాని గురించే ఆలోచిస్తూ.

మిగిలిన పేజీ తీశాను.

"సూరి. సోమశేఖర్ కట్టిన ముప్పై ఒక్కసార్లూ షార్టు. భయం ఎక్కువ. భయం వేస్తే మాట ఉండదు, బిళ్ళలు సర్దుతాడు. ఎంత భయమైతే అంత చక్కగా."

ఇరవై నిమిషాలు. టక్ టక్ మని. వెనక మెట్ల మీద ఏం జరుగుతోందో తెలిసి, తల ఎత్తకుండా, చాయ్ ముట్టకుండా. దాన్నే నేను రఘురాం ముందు పెట్టి, కదల్లేదు కాబట్టి ఏ పాపం ఎరగడన్నాను. సాక్షుల్ని కూడా తెచ్చాను.

సూరి చంపలేదు. నిజమే చెప్పాడు. ఓడిపోయేవాడికి తోడు కట్టాడు, అంతే. తాడు పరీక్షించానని వించి పుస్తకంలో అతని వేలిముద్ర కూడా ఉండి ఉంటుంది. సోమశేఖర్ అది చూపించి ఉంటాడు. తన హుక్కే వాడతాడని సూరికి చెప్పి ఉండడు. అయినా నేను క్షమించను. తిరుపతిరావు ఆ మెట్ల మీద తిరిగి రాడు.

అప్పలలక్ష్మి రెండేళ్ళు కడుపులో నొప్పి దాచింది. ముద్ద కలుపుతూ మధ్యలో ఆగేది. ఏమైందంటే "ఏటీ నేదు" అనేది, నా మాట పూర్తి కాకముందే. పరాయివాళ్ళ మొహాలు చదివి జీతం తీసుకున్నవాడిని. అది చదవలేదు.

గడియారం చూశాను. ఒంటిగంటా నలభై ఏడు. సూరి బయట ఉన్నాడు. సోమశేఖర్ పేరు చెప్పగలిగిన మనిషి లోకంలో అతనొక్కడే.

జగ్గమ్మకి ఫోను చేశాను.

"అన్నియ్యా! నీ కాళ్ళకి దండం. ఒగ్గీసినారు!"

"సూరికి ఇవ్వు."

"ఆడిక్కడ నేడు. సోమశేఖర్ బాబు పొద్దున్నుంచి నాలుగుసార్లు ఫోను సేసినారు, ఒగ్గితే సెప్పు నేనొస్తానని. నువ్వు పెద్దమనిషి కావాలన్నావు గదా, ఆరికే సెప్పినాను. జామీను సంతకం ఆరే ఎట్టినారు. ఒంటిగంటా పదికి ఆరి కారులోనే ఎక్కించుకెల్లినారు. రేపటి ఇచారణకి ఏదో కాయితమంట, బడ్జ్ బడ్జ్ జెట్టీ కాడ ఏలిముద్ర ఎయ్యాలంట. సీకటి పడకుండా దింపీస్తానన్నారు."

కానిస్టేబుల్ వైపు తిరిగి, రఘురాంకి ఫోను కలపమని సైగ చేశాను. అతను నా మొహం చూసి లేచి నిలబడ్డాడు.

"సూరి ఏమన్నాడు వెళ్ళేముందు?"

"ఏటీ అన్నేదు. నాకే సిత్రంగా ఉండాది అన్నియ్యా. ఠాణాలో ఆడి సామాను తిరిగిచ్చినారు గదా, బీడీకట్ట, అగ్గిపెట్టె, తాళం. గోడ గట్టు మీద ఎట్టుకున్నాడు. ఒకదాని మీద ఒకటి పేర్సినాడు. తీసీసినాడు. మళ్ళీ పేర్సినాడు. బాబు హారను కొడతన్నా ఎక్కడు. సివరికి అవి అక్కడే ఒగ్గీసి ఎక్కినాడు. నా కాడే ఉన్నాయి." ఆగింది. "ఏటైనాది అన్నియ్యా? మాటాడవేటి?"

"ఏమీ లేదు," అన్నాను.

వెంటనే అన్నాను. ఆమె మాట పూర్తి కాకముందే.

అవతల ఉన్నది జగ్గమ్మ. మూడు నెలలు అప్పలలక్ష్మి మంచం పక్కన కూర్చున్న మనిషి. ఆ రెండు మాటలు ఎంత తొందరగా వస్తాయో ఆమెకి తెలుసు.

ఏడవడం మొదలుపెట్టింది. ఈసారి నేను ఫోను పెట్టలేదు.